పద్దెనిమిదిన్నర న్యూట్రాన్లు

ఫిజికల్ సైన్స్ పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, ప్రశ్నపత్రాలు కూర్చే తోటి ఉపాధ్యాయులకు ఒక బహిరంగ లేఖ

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పరమాణు నిర్మాణం పాఠం గురించి, అందులోనూ ఐసోటోపుల గురించి, అంటే ఒకే మూలకంలో వేర్వేరు భారాలున్న పరమాణువుల గురించి, మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలని ఈ ఉత్తరం. మీటింగుల్లో ఈ మాట ఎత్తితే "ముందు సిలబస్ అయిందో లేదో చెప్పండి సార్" అంటారు. అందుకే అందరికీ వినపడేలా రాస్తున్నాను.

క్లోరిన్ పరమాణు సంఖ్య 17, అంటే పరమాణువులో ప్రోటాన్లు 17. గోడకు వేలాడే ఆవర్తన పట్టికలో దాని గడిలో 35.5 అని ఉంటుంది. క్లోరిన్ పరమాణువులో న్యూట్రాన్లెన్ని అని తరగతిలో అడిగి చూడండి. 35.5 లోంచి 17 తీసేసి 18.5 అంటారు. చురుకైన పిల్లలే ముందు చెయ్యెత్తుతారు. మార్కుల టెన్షన్ ఉన్నవాళ్లు సగం న్యూట్రాన్ బాగుండదని 18 అనో 19 అనో సర్దుకుంటారు. అర న్యూట్రాన్ ఎలా ఉంటుంది సార్ అని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

ఇదే పిల్లల్ని ఐసోటోపుల నిర్వచనం అప్పజెప్పమనండి, తడుముకోకుండా చెప్పేస్తారు. ఐసోటోపులకూ ఐసోబార్లకూ తేడాలు గళ్లు గీసి మరీ రాస్తారు. హైడ్రోజన్ ఐసోటోపులు ప్రోటియం, డ్యుటీరియం, ట్రిటియం ఎక్కాల్లాగా వచ్చేస్తాయి. ఆ నిర్వచనానికీ ఈ 35.5కీ సంబంధం ఉందని మాత్రం వాళ్లకు తట్టదు. తట్టేలా మన పుస్తకాల్లో రాయలేదు, పరీక్షల్లో అడగలేదు.

ముందు ప్రశ్నపత్రాల సంగతి. ఆ మధ్య ఒక టెస్ట్ పేపర్లో 'క్లోరిన్‌లో న్యూట్రాన్ల సంఖ్య' అని ఒక బిట్టు వచ్చింది. ఆప్షన్లు 17, 18, 20, 35. కీలో జవాబు 18. మా అమ్మాయి ఒకామె 20 పెట్టింది. ఎందుకు పెట్టావమ్మా అంటే, "క్లోరిన్-37 కూడా ఉంది కదా సార్, 37 లోంచి 17 తీస్తే 20" అంది. తరగతి మొత్తంలో ఆ ప్రశ్నను అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే, సున్నా వచ్చింది కూడా ఆమెకే. కీ ప్రకారం దిద్దాలి కాబట్టి సున్నా. ప్రకృతిలో నాలుగు క్లోరిన్ పరమాణువుల్లో సుమారు ఒకదానిలో నిజంగానే 20 న్యూట్రాన్లు ఉంటాయి. 'క్లోరిన్-35లో న్యూట్రాన్లెన్ని' అని అడిగి ఉంటే పేచీయే లేదు. ఆ రెండంకెలు రాయడానికి పేపర్లో చోటు లేకపోలేదు. రాయాలన్న ఆలోచన రాలేదు, అంతే.

దీనికి తోడు గైడుల్లో ఒక చిట్కా ఉంటుంది: పట్టికలోని విలువను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన లెక్క) వస్తుందని. ఇది కొన్ని మూలకాల విషయంలో పనిచేస్తుంది కాబట్టే ప్రమాదం. సోడియం 22.99, సవరిస్తే 23. అల్యూమినియం 26.98, సవరిస్తే 27. భాస్వరం 30.97, సవరిస్తే 31. మూడూ సరైనవే. ఎందుకంటే ఈ మూడింటికీ ప్రకృతిలో స్థిరమైన ఐసోటోపు ఒక్కొక్కటే ఉంది. మన పుస్తకాల్లోని అభ్యాసాలు కూడా ఎక్కువగా ఇలాంటి మూలకాల మీదే తిరుగుతాయి. పిల్లాడికి చిట్కా మీద నమ్మకం కుదిరిపోతుంది.

ఇప్పుడు అదే చిట్కాతో వెండి దగ్గరికి రండి. పట్టికలో 107.87. సవరిస్తే 108. పిల్ల కాళ్లకున్న పట్టీల్లో ద్రవ్యరాశి సంఖ్య 108 ఉన్న పరమాణువు వెతకండి. దొరకదు. ప్రకృతిలో దొరికే వెండి అంతా రెండు రకాలే: 107 దాదాపు 52 శాతం, 109 దాదాపు 48 శాతం. రాగి చెంబు తీసుకోండి. 63.5ని సవరిస్తే 64. రాగిలో 63, 65 ఉన్నాయి, 64 లేదు. బ్రోమిన్ అయితే ఇంకా నమ్మకంగా మోసం చేస్తుంది. 79.90 అంటే కళ్లు మూసుకుని 80 అంటాం కదా, దానిలో ఉన్నవి 79, 81 మాత్రమే. మరి బంగారం? 196.97ని సవరిస్తే 197. ఇక్కడ చిట్కా గెలుస్తుంది. పుస్తెల్లోని ప్రతి బంగారు పరమాణువూ 197 రకమే, రెండో రకం లేదు. ఒక ఇంట్లోనే, ఒకే మనిషి ఒంటిమీద, మెడ దగ్గర చిట్కా పనిచేసి కాళ్ల దగ్గర విఫలమవుతుంది. ఇంతకన్నా మంచి అభ్యాసం ఎక్కడ దొరుకుతుంది? ఏ పుస్తకంలోనూ నాకైతే కనపడలేదు.

విషయం చిన్నదే. ద్రవ్యరాశి సంఖ్య ఒక్క పరమాణువుకు చెందినది, లెక్కపెట్టి చెప్పేది, కాబట్టి ఎప్పుడూ పూర్ణాంకమే. పట్టికలో ఉన్న విలువ గుంపుకు చెందినది, సగటు. దాన్ని ఏ ఒక్క పరమాణువుకూ అంటగట్టకూడదు. పాఠం మొత్తంలో పిల్లలకు ఈ ఒక్క తేడా నాటితే చాలు, మిగిలినవి వాళ్లే అల్లుకుంటారు. మనం దీన్ని ఒక ఫార్ములా కింద ఒక్క వాక్యంలో దాటేస్తున్నాం.

నేను తరగతిలో చేసేది చెబుతాను, పనికొస్తే వాడుకోండి. 1992 తర్వాత వచ్చిన పాత స్టీలు రూపాయి బిళ్ల బరువు 4.85 గ్రాములు. 2011 నుంచి వస్తున్న చిన్న బిళ్ల 3.79 గ్రాములు. కిరాణా కొట్టులో ఏది ఇచ్చినా ఒకటే చాక్లెట్టు. ఇరవై బిళ్లలు కలిపి ఒక కవర్లో వేసి అంటించేస్తాను. కంసాలి దగ్గర ఉండేలాంటి చిన్న డిజిటల్ త్రాసు మీద తూచి, కవరు బరువు తీసేసి, బోర్డు మీద 84.28 అని రాస్తాను. కవర్లో ఉన్నవి ఇరవై అని కూడా చెబుతాను. ఒక్కో బిళ్ల ఎంత అంటే వెంటనే భాగించి 4.214 అంటారు. సరే, 4.214 గ్రాముల రూపాయి బిళ్ల ఒకటి తెచ్చి చూపించండి అంటాను. జేబులు వెతుక్కుంటారు. ఎవరి దగ్గరా ఉండదు. కాసేపు గొడవ. అప్పుడు ఎవరో ఒకరు "రెండు రకాలూ కలిసున్నాయి సార్" అంటారు. అక్కడి నుంచి నా పని తేలిక. పాతవి ఎన్నో, కొత్తవి ఎన్నో కవరు చింపకుండా చెప్పమంటాను. పదో తరగతి పిల్లలకు రెండు చరరాశుల సమీకరణాలు లెక్కల పుస్తకంలో ఉన్నాయి. అవి ఇక్కడ పనికొస్తాయని వాళ్లు కలలో కూడా అనుకోరు. పాతవి 8, కొత్తవి 12 అని తేలుతుంది. కవరు చింపి లెక్కపెడతాం. అరిగిన బిళ్లల వల్ల చివరి అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి, దాని గురించి కూడా మాట్లాడుకోవచ్చు.

తర్వాత బిళ్లల స్థానంలో క్లోరిన్ పెడతాను. 35 రకం, 37 రకం, సగటు 35.5. ఏది ఎంత? నాలుగింట మూడు వంతులు, ఒక వంతు. ఇది పుస్తకంలో ముందే ఇచ్చేసే సంఖ్య. ఇక్కడ వాళ్లే కనుక్కుంటారు. బిళ్లలతో ఒక ఇబ్బంది ఉంది. పాతదీ కొత్తదీ సైజు చూస్తే తెలిసిపోతుంది. క్లోరిన్‌లో రెండు రకాలూ రంగులో, వాసనలో, సోడియంతో కలిసే తీరులో ఒక్కలాగే ఉంటాయి. ఈ తేడా పిల్లలకు చెప్పి తీరాలి, లేకపోతే భారీ పరమాణువు పెద్దగా కనిపిస్తుందనుకుంటారు.

ఇంతకీ ఈ అర ఎవరినీ ఇబ్బంది పెట్టలేదని కాదు. మా పిల్లల కన్నా ముందు యూరప్ రసాయన శాస్త్రవేత్తలను నూరేళ్లు ఇబ్బంది పెట్టింది. 1815లో విలియం ప్రౌట్ అనే ఇంగ్లండు వైద్యుడు, మూలకాల పరమాణు భారాలన్నీ హైడ్రోజన్ భారానికి పూర్ణ గుణిజాలని ఊహించాడు. చాలా మూలకాలు ఆ ఊహకు దగ్గరగా వచ్చాయి. క్లోరిన్ రాలేదు. ఎంత జాగ్రత్తగా తూచినా ఆ అర పోలేదు. కొలతలు మెరుగయ్యేకొద్దీ ప్రౌట్ ఊహ మూలకు చేరింది. శతాబ్దం తర్వాత కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో తయారుచేసిన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి, అంటే పరమాణువులను భారాన్ని బట్టి విడదీసి చూపే పరికరంలోకి, క్లోరిన్ పంపితే, ఫోటో పలక మీద 35 దగ్గర ఒక గీత, 37 దగ్గర ఒక గీత పడ్డాయి. అప్పటి లెక్కలో క్లోరిన్ భారమైన 35.46 దగ్గర ఏమీ లేదు. ఖాళీ. అంతకు ముందు 1912-13లో ఆయన గురువు జె.జె. థామ్సన్ నియాన్‌తో చేసిన ప్రయోగంలోనూ 20 దగ్గర, 22 దగ్గర విడివిడిగా జాడలు కనిపించాయి. అప్పుడు వాటిని ఎలా అర్థం చేసుకోవాలో తేలలేదు. ఆస్టన్‌కు 1922లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

అయ్యా, మన పుస్తకంలో పరమాణువు బొమ్మలకు కొదవ లేదు. మధ్యలో ఎర్ర చుక్క, చుట్టూ వలయాలు, వలయాల మీద నీలం గోళీలు. కేంద్రకం కన్నా పరమాణువు సుమారు లక్ష రెట్లు పెద్దదన్న మాట ఆ బొమ్మ ఎక్కడా చెప్పదు, బొమ్మ కొలతకు గీసింది కాదన్న హెచ్చరిక కూడా ఉండదు. అందులో ఒక బొమ్మ తీసేసి ఆ స్థానంలో రెండు గీతలూ, మధ్యలో ఖాళీ ఉన్న ఆస్టన్ పలక బొమ్మ వేయించండి. కింద ఒక ప్రశ్న: 35.5 దగ్గర గీత ఎందుకు లేదు? దీనికి జవాబు రాయగలిగిన పిల్లకు ఐసోటోపులు వచ్చినట్టే. నిర్వచనం బట్టీపట్టినా పట్టకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకో సంగతి. మనం ఐసోటోపులను న్యూట్రాన్లతో మొదలుపెడతాం: ప్రోటాన్లు సమానం, న్యూట్రాన్లు వేరు. తప్పు కాదు. కానీ ఫ్రెడరిక్ సాడీ ఐసోటోపుల భావనను ప్రతిపాదించింది 1913లో. జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుక్కున్నది 1932లో. మధ్యలో పంతొమ్మిదేళ్లు. న్యూట్రాన్ ఉందని తెలియకుండానే ఐసోటోపులు ఉన్నాయని సాడీకి ఎలా తెలిసింది? రసాయన శాస్త్రం ద్వారా. రేడియోధార్మిక పదార్థాలు వరసగా ఒకటి ఇంకోటిగా మారుతున్న ఆ రోజుల్లో పరిశోధకుల చేతికి కొత్త కొత్త 'మూలకాలు' డజన్ల కొద్దీ వచ్చాయి, పట్టికలో గడులు చాలలేదు. అందులో మీసోథోరియం అని పేరు పెట్టినదాన్ని రేడియంతో కలిపితే మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాలేదు. అయోనియం, థోరియం కూడా అంతే. వాటి రేడియోధార్మికత వేరు, భారం వేరు, కానీ రసాయనికంగా చూస్తే ఒక్కటే. విడదీయడానికి చేసిన ప్రయత్నాలన్నీ ఓడిపోవడమే సాక్ష్యమైంది. పట్టికలో ఒకే గడిలో రెండు మూడు రకాల పరమాణువులు ఉండొచ్చని సాడీ తేల్చాడు. 1921 రసాయన శాస్త్ర నోబెల్ ఆయనకు దక్కింది.

ఈ కథ చెబితే పిల్లలకు కలిగే లాభం ఏమిటంటే, మూలకాన్ని గుర్తించేది భారం కాదని వాళ్లకు ముందే అర్థమవుతుంది. సరిగ్గా అదే కాలంలో హెన్రీ మోస్లే ఎక్స్-కిరణాలతో పరమాణు సంఖ్యకు ప్రయోగపు పునాది వేశాడు. మన పుస్తకంలో మోస్లే వేరే పాఠంలో, ఆవర్తన పట్టిక దగ్గర, ఒక వాక్యంలో వచ్చి పోతాడు. సాడీ అసలు పేరే కనపడకపోవచ్చు. 1913లో పక్కపక్కన నడిచిన ఇద్దరిని మనం రెండు పాఠాల్లో వేరు చేసి పెట్టాం. మోస్లే 1915లో గల్లిపోలి యుద్ధంలో 27 ఏళ్లకే చనిపోయాడు. ఆ వయసు చెప్పినప్పుడు తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

మెండలీవ్ పట్టికలోని అసంగత జంటల గురించి నాలుగు మార్కుల ప్రశ్న ఏళ్లుగా అడుగుతున్నాం. ఆర్గాన్ 39.95, దాని తర్వాత పొటాషియం 39.10. భారం ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక. పరమాణు సంఖ్య ప్రకారం అమరిస్తే సమస్య పోయిందని రాయిస్తాం. పోయింది సరే, అసలు ఎందుకు వచ్చింది? ఆర్గాన్ దాదాపు మొత్తం 40 రకం, పొటాషియంలో 93 శాతం 39 రకం. సగటులు తారుమారయ్యాయి. ఇంకో మెట్టు దిగితే, గాలిలోని ఆర్గాన్-40లో ఎక్కువ భాగం రాళ్లలోని పొటాషియం-40 కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ విడుదల చేసిందే. పిల్లాడు పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం ఉన్న ఆర్గాన్‌కు, పట్టికలో దాని పక్క గడిలో ఉన్న పొటాషియం పుట్టిల్లు. ఇది రెండు మార్కులకు కూడా రాదు, కానీ ఒక్కసారి విన్న పిల్లలు మర్చిపోరు.

సగటు స్థిరంగా ఉంటుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. హార్వర్డ్‌లో థియోడర్ రిచర్డ్స్ 1914 నుంచి చేసిన కొలతల్లో మామూలు సీసం 207.2 దగ్గర ఉంటే, యురేనియం ఖనిజాల్లోని సీసం 206కు దగ్గరగా వచ్చింది. సాడీ సిలోన్ నుంచి తెప్పించిన థోరైట్ అనే థోరియం ఖనిజంలోని సీసం మామూలు దాని కన్నా బరువు తూగింది. ఎక్కడి సీసానికి అక్కడి సగటు. అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ ఇప్పుడు సీసానికి ఒక్క అంకె ఇవ్వకుండా 206.14 నుంచి 207.94 దాకా అని హద్దులు ఇస్తోంది. హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్, క్లోరిన్ లాంటి మరికొన్నిటికీ ఇలాగే హద్దులున్నాయి. థోరియం మనకు దూరపు చుట్టమేమీ కాదు. భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో అది ఉంది.

ఇక నాకు బాగా దగ్గరైన సంగతికి వస్తాను. పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఐసోటోపుల రసాయన ధర్మాలు ఒకేలా ఉంటాయి, భౌతిక ధర్మాలు వేరుగా ఉంటాయి. పిల్లలకు చెప్పాల్సిన మొదటి మాట అదే, ఒప్పుకుంటాను. కానీ ఆ వాక్యం నూటికి నూరుపాళ్లు నిజమైతే గోదావరి ఒడ్డున మణుగూరు భారజల కర్మాగారం ఒక్క లీటరు కూడా తీయగలిగేది కాదు.

మామూలు నీటిలో ఉన్న హైడ్రోజన్‌లో సుమారు 6,400 పరమాణువులకు ఒకటి డ్యుటీరియం, అంటే ద్రవ్యరాశి సంఖ్య 2 ఉన్న రకం. మామూలు హైడ్రోజన్ బదులు అదే ఉన్న నీరు భారజలం. ఆ డ్యుటీరియాన్ని ఏరి చేర్చడమే భారజల కర్మాగారం పని. మణుగూరు ప్లాంటులో నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ ఎత్తైన టవర్లలో ఎదురెదురుగా నడిపిస్తారు. తక్కువ ఉష్ణోగ్రత ఉన్న టవర్లో, అంటే సుమారు 30 డిగ్రీల దగ్గర, డ్యుటీరియం వాయువును వదిలి నీటిలోకి రావడానికి మొగ్గు చూపుతుంది. సుమారు 130 డిగ్రీల వేడి ఉన్న టవర్లో ఆ మొగ్గు తగ్గి, నీటిని వదిలి వాయువులోకి పోతుంది. ఈ చిన్న మొగ్గునే మెట్టు మీద మెట్టుగా వందలసార్లు వాడుకుని డ్యుటీరియం పాళ్లు పెంచుతారు. రెండు ఐసోటోపులూ రసాయనికంగా అచ్చం ఒకటే అయితే ఏ ఉష్ణోగ్రతలోనైనా మొగ్గు ఉండకూడదు కదా? హైడ్రోజన్‌లో ఒకటికి రెండు, అంటే ద్రవ్యరాశి ఏకంగా రెట్టింపు, కాబట్టి తేడా పైకి కనిపిస్తుంది. క్లోరిన్‌లో 35కీ 37కీ మధ్య అది చాలా చిన్నది. 'దాదాపు ఒకేలా' అని ఒక్క మాట చేర్చండి చాలు. ఆ 'దాదాపు' వెనక ఎంత పెద్ద ఫ్యాక్టరీ ఉందో మేం చెప్పుకుంటాం.

హైడ్రోజన్ గురించి ఇంకో మాట. మొదటి ఉదాహరణగా దాన్ని పెట్టడం నాకు నచ్చదు. ప్రోటియం, డ్యుటీరియం, ట్రిటియం అని మూడింటికీ మూడు పేర్లున్నది ఆ ఒక్క మూలకానికే. పిల్లలు మూడూ మూడు మూలకాలనుకుంటారు. కార్బన్-14కు పేరేమిటి సార్ అని అడుగుతారు. మొదట నియాన్‌తోనో క్లోరిన్‌తోనో మొదలుపెట్టి, హైడ్రోజన్‌ను ప్రత్యేక సందర్భంగా చివర్లో తెస్తే నయం. భారజలపు మంచుగడ్డ మామూలు నీటిలో మునిగిపోతుందన్న సంగతి అప్పుడు చెబితే వాళ్లకు పండగే. అది గడ్డకట్టేది 3.8 డిగ్రీల దగ్గర, మరిగేది 101.4 దగ్గర.

ఆ భారజలం ఎందుకు? మన దేశంలోని అణువిద్యుత్ కేంద్రాల్లో ఎక్కువ భాగం సహజ యురేనియంతోనే నడుస్తాయి. సహజ యురేనియంలో వెయ్యి పరమాణువులకు ఏడు మాత్రమే యురేనియం-235, మిగిలినవి దాదాపు అన్నీ 238 రకం. అంత తక్కువ 235తో అణు విచ్ఛిత్తి చర్య ఆగకుండా సాగాలంటే న్యూట్రాన్లను నెమ్మదింపజేయాలి, వృథాగా మింగేయకూడదు. మామూలు నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్లను మింగుతుంది. డ్యుటీరియం దాదాపు మింగదు. ఇంతే కారణం. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, హైదరాబాదులో 1971 నుంచి ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధనపు కడ్డీలు, మణుగూరులో భారజలం. ఐసోటోపుల పాఠం మొత్తం రెండు తెలుగు రాష్ట్రాల మ్యాపు మీద గీయొచ్చు. మన పిల్లలు మాత్రం 'ఉపయోగాలు' అనే శీర్షిక కింద మూడు లైన్లు రాసి ఊరుకుంటారు. తుమ్మలపల్లె చుట్టుపక్కల నీళ్ల గొడవలు, 2019లో నల్లమల యురేనియం మీద వచ్చిన ఆందోళన, ఇవన్నీ వాళ్లు ఇళ్లలో విన్నవే. 235 అంటే ఏమిటో, 238 అంటే ఏమిటో, దేని అర్ధాయువు ఎంతో తెలిసిన పిల్లలు ఆ విషయంలో ఏ పక్షం ఉన్నా సరైన ప్రశ్నలు అడగగలరు.

ఆ మూడు లైన్ల 'ఉపయోగాలు' వల్ల ఇంకో నష్టం కూడా జరుగుతోంది. క్యాన్సర్ చికిత్సకు కోబాల్ట్-60, గాయిటర్‌కు అయోడిన్-131, రియాక్టర్లకు యురేనియం-235. మూడూ రేడియోధార్మికమైనవే. దాంతో ఐసోటోపు అంటేనే రేడియేషన్, డేంజర్ అని పిల్లల బుర్రలో పడిపోతుంది. అయోడిన్ ఉప్పులో ఉన్నది కూడా ఐసోటోపేనా అని ఒకడు భయపడ్డాడు. అవును నాయనా, అయోడిన్-127, పూర్తిగా స్థిరమైనది, నువ్వు రోజూ తింటున్నావు. ప్రతి పరమాణువూ ఏదో ఒక ఐసోటోపే. తగరానికి స్థిరమైనవే పది ఉన్నాయి. ఈ మాట పుస్తకంలో ఎక్కడో ఒకచోట పెద్దక్షరాల్లో ఉండాలి.

మీకు కొత్త పాఠం రాయమని చెప్పడం లేదు. పేజీలు పెంచమనీ అడగడం లేదు, ఇప్పుడున్న పుస్తకం బరువే పిల్లల భుజాలకు చాలు. ఇంగ్లీషు ఒక పక్క, తెలుగు ఒక పక్క వేసిన తర్వాత అది ఇంకా లావెక్కింది. నేను అడిగేవి ఇవి. ఏ ప్రశ్నలోనైనా న్యూట్రాన్ల సంఖ్య అడిగితే ఐసోటోపు సంఖ్యతో సహా అడగండి. అలా అడగని ప్రశ్నకు సరైన వివరణతో వచ్చిన ఏ జవాబుకైనా మార్కు ఇవ్వాలని వాల్యుయేషన్ సూచనల్లో రాయండి. తేడాలు రాయండి అనే ప్రశ్నను కొన్నేళ్లు పక్కన పెట్టండి. దానివల్ల గళ్లు గీయడం తప్ప పిల్లలకు ఏమీ రావడం లేదు.

దాని బదులు ఏం అడగాలంటారా? నా దగ్గరున్నవి కొన్ని. వెండి పరమాణు ద్రవ్యరాశి 107.87, ద్రవ్యరాశి సంఖ్య 108 ఉన్న వెండి పరమాణువు ప్రకృతిలో దొరకదు, ఇది ఎలా సాధ్యం? బోరాన్‌కు 10, 11 అనే రెండు స్థిర ఐసోటోపులున్నాయి, సగటు 10.8, వీటిలో ఏది ఎక్కువగా ఉందో లెక్క చేయకుండానే చెప్పి కారణం రాయండి. రెండు ప్రయోగశాలలు సీసం పరమాణు భారాన్ని కొలిచి వేర్వేరు విలువలు ఇచ్చాయి, ఇద్దరి త్రాసులూ సరిగ్గానే ఉన్నాయి, ఏమై ఉంటుంది? ఒక పరమాణువులో 20 న్యూట్రాన్లు ఉన్నాయని మాత్రమే చెప్పారు. అది ఏ మూలకమో చెప్పగలరా? ఈ చివరిదానికి క్లోరిన్-37 అని రాసే పిల్లలు ఉంటారు, కాల్షియం-40 అని రాసేవాళ్లూ ఉంటారు. ఇద్దరూ సగం దారిలో ఆగిపోయినవాళ్లే. చెప్పలేమని రాసి, ప్రోటాన్లు ఎన్నో తెలియాలి కదా అన్నవాళ్లకు పూర్తి మార్కులు వేయండి.

నాణేల కవర్ల పనికి ఒక వర్క్‌షీటు నా దగ్గర సిద్ధంగా ఉంది. వచ్చే విద్యా సంవత్సరం ఉపాధ్యాయ శిక్షణలో ఒక గంట ఇస్తే త్రాసు, బిళ్లలు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ తోటి ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల